వేటకుక్కకు ఇల్లివ్వండి, అడవిని కాదు



ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ, సత్తుపల్లి, భద్రాచలం వీధుల్లో ఈమధ్య పొద్దున్నే సన్నటి నడుము, కోల మూతి, ఎత్తైన కాళ్లున్న కుక్కలు యజమానుల వెంట నడుస్తూ కనిపిస్తున్నాయి. ఇవి వేటజాతి కుక్కలు. వీటిని చూసినవాళ్లు సాధారణంగా రెండు మాటలంటారు. ఒకటి, "వేటాడే కుక్కను తెచ్చి నాలుగు గోడల మధ్య పెట్టడం పాపం కాదా?" అని. రెండోది, "పక్కనే అడవి ఉంది కదా, రాత్రిపూట వదిలేస్తే దాని సరదా అది తీర్చుకుని వస్తుంది" అని. మొదటి మాట జాలితో అన్నదే అయినా నిజం కాదు. రెండో మాట వినడానికి మంచిగానే ఉంటుంది, కానీ కుక్కకూ చేటు, అడవికీ చేటు. ఈ రెండు విషయాలూ ఇవాళ మీతో మాట్లాడాలనుకుంటున్నాను.

ముందు ఈ కుక్కలు ఎక్కడివో చూద్దాం. మన వైపు ఎక్కువగా కనిపించేది ముధోల్ హౌండ్. మన నిర్మల్ జిల్లా ముధోల్ కాదు, కర్ణాటకలో బాగల్‌కోట జిల్లాలోని ముధోళ. అక్కడి సంస్థానాధీశులైన ఘోర్పడేలు ఈ జాతిని పోషించారు. తమిళనాడు నుంచి వచ్చేవి రాజపాళయం, చిప్పిపారై, కన్ని. రాజపాళయం ఊరికీ మనకూ చుట్టరికం ఉంది. విజయనగర కాలం తరువాత ఆంధ్ర ప్రాంతం నుంచి వెళ్లి స్థిరపడిన రాజులు ఆ ఊళ్లో ఈనాటికీ ఇంట్లో తెలుగు మాట్లాడతారు. మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఆ ఊరివారే. తెల్లటి ఒళ్లు, గులాబీ రంగు ముక్కు ఉన్న రాజపాళయం కుక్క పాళెగాళ్ల కాలంలో అడవిపందుల వేటకు పేరుమోసింది. ముధోల్, రాజపాళయం, చిప్పిపారై జాతులను కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ 2020లో స్వదేశీ జాతులుగా నమోదు చేసింది.

మన తెలుగు నేలకు సొంత జాతి కూడా ఉంది. కొల్లేరు చుట్టుపక్కల కృష్ణా, గోదావరి జిల్లాల్లో బాతుల మందలు కాసేవాళ్ల వెంట తిరిగిన జోనంగి జాగిలం అది. ఒంటికి అతుక్కున్నట్టుండే పొట్టి వెంట్రుకలు, నుదుటి మీద ముడతలు, మెలి తిరిగిన తోక. మొరగడం తక్కువ, అదో రకం కూత పెడుతుంది. నేలలో గొయ్యి తవ్వుకుని అందులో పడుకునే అలవాటు దానిది. కొల్లేటి చుట్టూ చేపల చెరువులు వచ్చి, బాతుల మందలు తగ్గిపోయాక జోనంగికి పని లేకుండా పోయింది. పని పోయిన కుక్కను జనం పట్టించుకోలేదు. ఇవాళ దాన్ని వెతికి పట్టుకోవాల్సిన పరిస్థితి.

జోనంగికి పట్టిన గతి మిగతా వేటజాతులకూ పట్టవచ్చు. ఎందుకంటే వాటి పని కూడా పోయింది.

మన భద్రాద్రి అడవుల్లో వేట ఒకప్పుడు బతుకులో భాగం. కోయల భూమి పండుగకు మగవాళ్లందరూ కలిసి వేటకు వెళ్లడం ఆచారం. పాపికొండల్లోని కొండరెడ్ల జీవితం మీద మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ రాసిన పుస్తకం 1945లో వచ్చింది. విల్లు, వల, పోడు, ఇప్పపువ్వు, తాటికల్లు కలిసిన జీవితం వాళ్లది. ఆ పల్లెల్లో కుక్క ఇప్పటికీ ఉంది. ఎండాకాలం తెల్లవారకముందే ఆడవాళ్లు ఇప్పపువ్వు ఏరడానికి వెళితే వెంట కుక్క వెళుతుంది. అదే ఇప్పపువ్వు కోసం ఎలుగుబంటి కూడా వస్తుంది కాబట్టి, కుక్క ముందే పసిగట్టి అరిస్తే ప్రాణం దక్కుతుంది. ఆ కుక్క మనిషిని విడిచి దూరం పోదు. పోడు కాపలా కాస్తుంది, సాయంత్రానికి గుడిసె ముందుకు చేరుతుంది. దాని గురించి నాకు ఫిర్యాదేమీ లేదు. నా మాటలు పట్టణాల్లో ఉంటూ ముచ్చటపడి వేటజాతి కుక్కను కొన్న మనలాంటి వాళ్లకోసం.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. తుపాకీతో కాల్చడం, ఉచ్చు పెట్టడం మాత్రమే వేట అనుకుంటాం. ఆ చట్టంలో వేట అనే మాటకు ఇచ్చిన అర్థంలో జంతువును తరమడం, తరిమించడం, ఎర వేయడం కూడా ఉన్నాయి. అంటే కుక్కను ఉసిగొల్పి కుందేలును తరిమిస్తే, కుందేలు దొరక్కపోయినా అది వేటే. 2022లో చేసిన సవరణతో జరిమానా లక్ష రూపాయల దాకా పెరిగింది, మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. అదే జంతువు మొదటి షెడ్యూలుకు చెందినదైనా, కిన్నెరసాని లాంటి అభయారణ్యంలో వేట జరిగినా కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు. మన ఉడుము, నెమలి, చిరుతపులి అన్నీ మొదటి షెడ్యూలులోనివే.

చట్టం వేటను ఆపింది, ఆపడం న్యాయమే. కానీ వందల ఏళ్లుగా వేటకోసమే మనిషి ఏరి ఏరి పెంచిన ఈ జాతులు మాత్రం మిగిలి ఉన్నాయి. వాటికి ఇప్పుడు మిగిలిన చోటు ఒక్కటే, మన ఇల్లు. అందుకే వేటకుక్కను ఇంట్లో పెంచడం పాపం కాదంటున్నాను. దాన్ని అర్థం చేసుకుని పెంచితే ఆ జాతిని నిలబెట్టినట్టే.

అర్థం చేసుకోవడమంటే ఏమిటో చెబుతాను. ముధోల్, చిప్పిపారై లాంటివి వాసన పట్టి వేటాడే కుక్కలు కావు. కంటితో చూసి పరుగెత్తే కుక్కలు. పక్కన నడుస్తున్న కుక్కను జాగ్రత్తగా గమనించండి. చేను గట్టున ఏదో కదులుతుంది. కుక్క ఆగుతుంది. మెడ చాస్తుంది. అటూ ఇటూ తిరుగుతున్న చెవులు ఒక్కసారి నిటారుగా నిలబడతాయి. ఊగుతున్న తోక ఊగడం మానేస్తుంది. ముందు కాలు ఒకటి గాల్లోనే ఉండిపోతుంది. నోరు మూసుకుంటుంది, అంతవరకూ వినిపిస్తున్న రొప్పు ఆగిపోతుంది. ఈ స్థితి ఒకటి రెండు క్షణాలు మాత్రమే ఉంటుంది. మీరు పేరు పెట్టి పిలిస్తే వినగలిగేది ఆ క్షణాల్లోనే. చెవులు వెనక్కి వాలి, నడుము కిందికి వంగిందంటే ఇక పిలుపు చెవికెక్కదు. అది మొండితనం కాదు, మీ మీద ప్రేమ లేక కాదు. దాని మెదడు ఆ పనికి తయారై ఉంది. రేమండ్ కాపింజర్ అనే అమెరికా శాస్త్రవేత్త వేట ప్రవర్తనను వరుసగా విడదీసి చెప్పాడు. తల తిప్పడం, కళ్లు నిలపడం, పొంచడం, తరమడం, పట్టడం, చంపడం. గొర్రెల కాపరి కుక్కల్లో చివరి మెట్లు అణగిపోయేలా మనుషులు వాటిని పెంచారు. వేటకుక్కల్లో ఆ మెట్లనే పదును పెట్టారు. తరం వెంట తరం అలా చేసిందీ మనుషులే, కాబట్టి ఇప్పుడు కుక్కను కొట్టి లాభం లేదు. ఆ ఒకటి రెండు క్షణాలను కనిపెట్టడం మనం నేర్చుకోవాలి.

ఇలాంటి కుక్క ఇంట్లో ఎలా ఉంటుంది? కొత్తగా తెచ్చుకున్నవాళ్లకు ఆశ్చర్యం కలిగించే విషయమిది. బాగా పెంచిన వేటకుక్క ఇంట్లో చాలా నెమ్మది. అమెరికాలో గ్రేహౌండ్ పందేల నుంచి రిటైరైన కుక్కలను వేల సంఖ్యలో కుటుంబాలు దత్తత తీసుకున్నాయి. ఫ్లోరిడా రాష్ట్రంలో 2018లో ఓటింగ్ జరిగి, 2020 చివరికల్లా ఆ పందేలే ఆగిపోయాయి. గంటకు 65 కిలోమీటర్ల వేగం అందుకునే ఆ కుక్కలు ఇవాళ అపార్ట్‌మెంట్లలో సోఫాల మీద పడుకుని రోజులో ఎక్కువ భాగం నిద్రపోతున్నాయి. వీటి ఒంటికి అతివేగంగా కాసేపు పరుగెత్తడం, తరువాత చాలాసేపు పడుకోవడం అలవాటు. కాపలాకు గంటల తరబడి మొరిగే కుక్క కావాలనుకునేవాళ్లు వీటిని తెచ్చుకోకూడదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలనుకునేవాళ్లకు ఇవి మంచి తోడు.

ఇంట్లో పెంచేటప్పుడు కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. వీటి ఒంట్లో కొవ్వు తక్కువ, చర్మం పలచన. సిమెంటు గచ్చు మీద పడుకుంటే మోచేతుల దగ్గర, తుంటి దగ్గర చర్మం మొద్దుబారి పుండ్లు పడతాయి. మందపాటి బొంత ఒకటి వేయండి. మన ఏజెన్సీలో డిసెంబరు, జనవరి చలికి పొట్టి వెంట్రుకల కుక్క వణుకుతుంది. రాత్రి దాని మీద పాత దుప్పటి కప్పినా తప్పులేదు. చివరి రెండు మూడు పక్కటెముకలు బయటికి కనిపించడం ఈ జాతులకు సహజం. ఇరుగుపొరుగు వాళ్లు "తిండి పెట్టట్లేదా?" అని అడుగుతారు. ఆ మాటకు నొచ్చుకుని అన్నం, కొవ్వు ఎక్కువ పెట్టి లావు చేయకండి, కీళ్లు దెబ్బతింటాయి. ఛాతీ లోతుగా ఉండే కుక్కలు కాబట్టి కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. రోజుకు రెండుసార్లు కొంచెం కొంచెంగా పెట్టండి, తిన్న తరువాత గంటైనా పరుగెత్తనివ్వకండి. ఉడికించిన కోడి ఎముకలు, ఉల్లిపాయ, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ దగ్గరికి రానివ్వకండి.

మెడ బెల్టు విషయంలో చాలామంది దెబ్బతింటారు. ఈ కుక్కలకు తల కన్నా మెడ లావు. మామూలు బెల్టు వేస్తే బెదిరి వెనక్కి లాగినప్పుడు తల మీదుగా జారిపోతుంది. చేతిలో గొలుసు, బెల్టు మిగులుతాయి, కుక్క లారీల రోడ్డు మీద ఉంటుంది. వీటికోసమే మార్టింగేల్ అనే పట్టీ దొరుకుతుంది. లాగినప్పుడు కొంచెం బిగుస్తుంది కానీ గొంతు నొక్కదు. వెడల్పాటి పట్టీ ఎంచుకోండి.

ఇక పరుగు. వేటకుక్కకు పరుగు లేకుండా ఇల్లొక్కటే ఇస్తే అది సగం పెంపకమే. రోజుకు రెండుసార్లు తాడుతో నడిపించాలి. వారంలో కొన్ని రోజులైనా చుట్టూ ప్రహరీ ఉన్న చోట తాడు విప్పి పరుగెత్తనివ్వాలి. అనుమతి తీసుకుంటే స్కూలు ఆవరణ, గోడ ఉన్న మామిడి తోట దీనికి సరిపోతాయి. మన వైపు వెదురుకు కొదవలేదు కదా. పొడుగాటి వెదురు గడ చివర తాడు కట్టి, తాడు కొసకు పాత గుడ్డ కట్టండి. గడను గుండ్రంగా తిప్పితే గుడ్డ నేల మీద కుందేలులా గెంతుతుంది. కుక్క తరుముతుంది. ఎప్పుడూ అందకుండా ఊరించకండి, చివరికి పట్టుకోనివ్వండి. పట్టుకుని విదిలించడంతో దాని ఆట పూర్తవుతుంది. కొద్ది నిమిషాలు ఇలా ఆడితే గంట నడక కన్నా ఎక్కువ తృప్తిపడి ఇంటికొచ్చి పడుకుంటుంది. జోనంగి లాంటి తవ్వే కుక్కయితే పెరట్లో ఒక మూల ఇసుక పోసి అది దాని చోటని అలవాటు చేయండి, మంచం మీది పరుపు బతికిపోతుంది.

ఎండాకాలం మరీ జాగ్రత్త. కొత్తగూడెం, భద్రాచలం ఎండలు మీకు తెలుసు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడమే దానికి చల్లబడే దారి. పొద్దుటి నడక ఆరున్నరలోపు ముగించండి. తారు రోడ్డు మీద మీ అరచేతి వెనుక భాగం కాసేపు ఆనించి చూడండి. మీరు ఓర్చుకోలేని వేడి దాని పాదాలూ ఓర్చుకోలేవు.

ఇప్పుడు రెండో మాటకు వస్తాను, రాత్రిపూట అడవి వైపు వదిలేయడం.

గేటు తెరిచి వదిలిన కుక్క ముందు ఏముందో ఆలోచించండి. అడవిపందుల కోసం చేల చుట్టూ దొంగతనంగా వేసిన కరెంటు తీగలున్నాయి. వాటికి మనుషులే బలవుతున్నారు, కుక్క ఎంత? పొదల్లో బిగించిన ఉచ్చులున్నాయి. మాంసం పూసి పెట్టిన నాటు బాంబులున్నాయి, నోటితో కొరికిన కుక్కకు దవడ మిగలదు. రక్తపింజర, తాచు, కట్లపాము ఉన్నాయి. ముళ్లపంది ముళ్లు కళ్లలో, నోట్లో గుచ్చుకుంటాయి. అన్నిటికీ మించి చిరుతపులి ఉంది. మహారాష్ట్రలోని అప్పటి అహ్మద్‌నగర్ జిల్లా పొలాల్లో తిరిగే చిరుతలు ఏం తింటున్నాయో వన్యప్రాణి పరిశోధకురాలు విద్యా ఆత్రేయ బృందం పరిశీలించింది. అవి తిన్న మాంసం బరువులో 39 శాతం ఊరకుక్కలు, పెంపుడు కుక్కలదే. పెరట్లో గొలుసుకు కట్టేసిన కుక్క తప్పించుకోలేదు కూడా, చిరుతను మనమే ఇంటిదాకా పిలిచినట్టవుతుంది. రాత్రి కుక్క ఇంటి లోపల, తలుపు మూసి ఉంటే కుక్క బతుకుతుంది, పక్కింటి పిల్లలకూ భయం తప్పుతుంది.

అడవి వైపు నుంచి చూసినా ఇదే మాట. 1977లో ప్రకటించిన కిన్నెరసాని అభయారణ్యం విస్తీర్ణం సుమారు 635 చదరపు కిలోమీటర్లు. చుక్కల దుప్పి, కణుజు, మనుబోతు, అడవిదున్న, రేచుకుక్క ఉన్న అడవి అది. మన దేశంలో పెంపుడు కుక్కలు, ఊరకుక్కలు 80 రకాల వన్యప్రాణులపై దాడి చేశాయనీ, వాటిలో 31 అంతరించే ప్రమాదంలో ఉన్న జాతులనీ 2018లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. ఆ దాడుల్లో సగానికి దగ్గరగా రక్షిత అడవుల్లోనూ వాటి చుట్టుపక్కలా జరిగినవే. మామూలు ఊరకుక్కలే ఇంత చేస్తే, దుప్పిపిల్లను పరుగులో అందుకోగల వేటజాతి కుక్క ఏం చేస్తుందో చెప్పనక్కరలేదు. అది కడుపు నిండి ఉన్నా తరుముతుంది. తరమడానికి ఆకలితో పనిలేదు.

కుక్క పంటితోనే కాదు, రోగంతో కూడా అడవిని చంపగలదు. డిస్టెంపర్ అనే వైరస్ ఉంది. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో సింహాల్లో మూడో వంతు దాదాపుగా దానితోనే పోయాయి. ఆ రోగానికి మూలం చుట్టుపక్కల ఊళ్ల కుక్కలని శాస్త్రవేత్తలు గుర్తించారు. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో కొద్ది వారాల్లో 20కి పైగా సింహాలు చనిపోతే, కొన్నింటిలో ఇదే వైరస్ బయటపడింది. మన అడవిలోని రేచుకుక్కలు, నక్కలు, చిరుతలు కూడా దీనికి లొంగేవే. కాబట్టి మీ కుక్కకు వేయించే టీకా మీ కుక్క ఒక్కదానికోసం కాదు. పిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో డిస్టెంపర్, పార్వో టీకాలు మొదలుపెట్టాలి. మూడు నెలలకు రేబిస్ టీకా, తరువాత పశువైద్యులు చెప్పిన ప్రకారం ఏటా. కుక్క నక్కతోనో, ముంగిసతోనో కొట్లాడి గాయంతో వస్తే గాయం చిన్నదని వదిలేయకండి, వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో ఎవరికైనా గీసుకుంటే పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి, ఆసుపత్రికి వెళ్లండి.

వానలు పడ్డాక గడ్డిలోంచి గోమార్లు పడతాయి. వాటివల్ల వచ్చే జ్వరాలకు కుక్క రక్తం పలచబడి, తిండి మానేసి కుంగిపోతుంది. నడక నుంచి రాగానే చెవుల లోపల, వేళ్ల సందుల్లో చేత్తో తడిమి చూడండి. ఇంకో ముఖ్యమైన మాట. గ్రేహౌండ్ రక్తానికి చెందిన కుక్కల్లో కొన్ని మత్తుమందులు చాలా ఆలస్యంగా దిగుతాయి. ఆపరేషన్ అవసరమైతే ఇది వేటజాతి అని డాక్టరుగారికి ముందే చెప్పండి.

కోళ్లు, పిల్లులు ఉన్న ఇంట్లో ఏం చేయాలని అడుగుతారు. కుక్కపిల్లకు మూడు వారాల నుంచి మూడు నెలల దాకా ఉన్న కాలం లోకాన్ని పరిచయం చేసుకునే వయసు. ఆ వయసులో పిల్లితో, కోళ్లతో, చిన్నపిల్లలతో కలిసి పెరిగిన కుక్క తన ఇంటి పిల్లిని తనవాళ్లలో ఒకటిగా చూస్తుంది. అలాగని ఎదురింటి కోడిని కూడా అలాగే చూస్తుందనుకోకండి. నమ్మకం ఇంటిదాకే. గడప దాటితే తాడు చేతిలో ఉండాలి. పక్కవాళ్ల కోడిని చంపితే మాట్లాడకుండా వెల కట్టివ్వండి. ఊళ్లో కుక్క మీద పగ పెరిగితే విషం పెట్టేదాకా పోతుంది.

కొనేముందు ఒక్కమాట. 2017లో వచ్చిన కుక్కల పెంపకం, విక్రయాల నిబంధనల ప్రకారం ఎనిమిది వారాల లోపు పిల్లను అమ్మకూడదు. తల్లిని చూపించని చోట కొనకండి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం సంగతి కూడా తెలుసుకోండి. ఎప్పుడూ గొలుసుకో, బోనులోనో ఉంచిన కుక్కకు యజమాని తగిన నడక, పరుగు ఇవ్వకపోతే అది హింసేనని ఆ చట్టంలో ప్రత్యేకంగా రాసి ఉంది. కుక్కను వదిలించుకోవడానికి అడవి దారిలో దించి రావడం కూడా నేరమే. రోజుకు గంటన్నర కేటాయించలేనివాళ్లు, ఇంట్లోకి రానివ్వలేనివాళ్లు వేటజాతి జోలికి పోవద్దు. మన వీధిలో పుట్టిన నాటు కుక్కపిల్లను తెచ్చుకోండి, అది మీ పరిస్థితికి తేలిగ్గా సర్దుకుంటుంది.

ఈ ప్రసంగం అయ్యాక, మీ ఇంట్లో వేటజాతి కుక్క ఉంటే ఒక పని చేయమని కోరుతున్నాను. ఈ రాత్రి అది ఎక్కడ పడుకుంటుందో చూడండి. పెరట్లో గొలుసుకు ఉంటే లోపలికి తెచ్చి బొంత వేయండి. భోజనాలయ్యాక గేటు తెరిచి వదిలే అలవాటుంటే ఇవాళ్టి నుంచి మానండి. టీకా కార్డు తీసి తేదీ చూడండి, దాటిపోతే రేపు పొద్దున్నే పశువుల ఆసుపత్రికి వెళ్లండి. వేటకోసం ఆ జాతిని తయారుచేసింది మనుషులే, ఆ వేటను ఆపిందీ మనుషులే. మధ్యలో మిగిలిపోయిన ప్రాణికి తిండి, నీడ, పరుగు, హద్దు ఇవ్వాల్సిన బాధ్యత కూడా మనదే.